కొలను వెనుక గది

ఇంటి ఈతకొలనులో అందరి కంటబడునది నీలపు పలకలమీద మెరయు నీరు. ఆ నీటిని నిర్మలముగా నిలుపునది మాత్రము మూలనున్న చిన్న గదిలోని పంపు, ఫిల్టరు, నాలుగు వాల్వులు. వానిని ఎట్లు అమర్చవలెను, అవి మొరాయించినపుడు ఎక్కడ చూడవలెను అనునదే ఈ వారపు ముఖచిత్ర కథనము.

హైదరాబాదు నగరమునుండి మొయినాబాదు, చేవెళ్ల, శంకర్‌పల్లి మార్గములలో పయనించువారికి, ఒకప్పుడు జొన్నచేలును కూరగాయల మళ్లును కన్పట్టిన తావుల నేడు ప్రహరీగోడల వెనుక ఫామ్‌హౌసులు వెలసియుండుటయు, వానిలో కొన్నింటి నడుమ ఈతకొలను నీలకాంతులీనుచుండుటయు సుపరిచితమైన దృశ్యమే. కొలను కట్టించు గృహస్థుడు దాని ఆకారమును గూర్చియు, అడుగున పరచు పలకల వర్ణమును గూర్చియు, రాత్రివేళ నీటిలో వెలుగు దీపములను గూర్చియు శిల్పితో దినములతరబడి చర్చించును. కాని ఆ నీటిని కాపాడవలసిన యంత్రముల గది ప్రసక్తి వచ్చుసరికి, ‘అదేదో ఒక మూల పెట్టండి, కనబడకుండా ఉంటే చాలు’ అని ఒక్కమాటతో ముగించును. పిమ్మట నీరు పచ్చబారుటకును, మోటారు కాలుటకును, మెకానిక్కు మాటిమాటికి వచ్చిపోవుటకును బీజము పడునది ఆ ఒక్కమాటలోనే.

ఈ విషయమున తెలుగువారికి ఒక అనుకూలతయు, దానినంటియే ఒక ప్రతికూలతయు కలవు. బోరు మోటారు మన పల్లెలలో పసివారికి సైతము పరిచితమే. ఫేజు పోవుట, స్టార్టరు కొట్టివేయుట, వైండింగు కాలుట అనునవి రచ్చబండమీది మాటలు. ఐనను బోరు మోటారును ఎరిగినవాడు ఆ ఎరుకతోనే కొలను పంపును ఎంచబోయి పొరబడుచున్నాడు. బోరు మోటారు పని నీటిని పాతాళమునుండి పైకెత్తుట. నీరు ఎంత లోతున నున్న అంత శక్తి కావలెను. కొలను పంపు పని ఎత్తుట కాదు, త్రిప్పుట. కొలనునుండి తీసిన నీరు మరల కొలనునకే చేరును గనుక ఎక్కిన ఎత్తునకు దిగిన పల్లము చెల్లుకు చెల్లగును; ఇక పంపు జయించవలసినది గొట్టములలోను, మలుపులలోను, ఫిల్టరులోని ఇసుకలోను నీటికి కలుగు ఘర్షణను మాత్రమే. ఈ భేదమును గ్రహించినవాడు పెద్ద పంపును కోరడు, పెద్ద గొట్టమును కోరును. ఈ వ్యాసమున చెప్పబోవు సమస్తమును ఆ వాక్యమునకు వ్యాఖ్యానమే.

స్నానవాటికనుండి ఈతకొలనునకు

నీటిని నిలువజేసి అందు మునుగుట మన ఉపఖండమున క్రొత్త వేడుక కాదు. మొహెంజొదారో త్రవ్వకములలో 1925–26 ప్రాంతమున బయల్పడిన మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవును, 7 మీటర్ల వెడల్పును, రెండున్నర మీటర్లకు కొంచెము తక్కువ లోతును కలిగి, నీరు ఇంకకుండుటకై తారు పూతతో కట్టబడినది. ప్రక్కగదిలోని బావినుండి నీరు నింపుట, పాతబడిన నీటిని కాలువగుండ వదలుట అప్పటి పద్ధతి. మన గోలకొండలో పర్షియను చక్రములతోను, మట్టిగొట్టములతోను అంచెలంచెలుగ నీటిని కోటపైకి ఎక్కించిన నేర్పునకు, నేటికిని గోడలలో మిగిలిన గొట్టపు ముక్కలే సాక్ష్యము. ఐనను ఇవన్నియు నీటిని తెచ్చు ఉపాయములు, ఎత్తు ఉపాయములు; ఉన్న నీటినే మరల మరల శుద్ధిచేసి వాడుకొను ఉపాయము ఇటీవలిది. జాన్ ఆపోల్డ్ 1851 నాటి లండను మహాప్రదర్శనమున చూపిన వంకరరెక్కల సెంట్రిఫ్యూగల్ పంపు, 1908 లో అమెరికాలోని జెర్సీ సిటీ త్రాగునీటికి ఎడతెగక క్లోరిన్ కలుప మొదలిడుట, కొలదికాలమునకే ఆ క్లోరినును బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఈతకొలనులో ప్రయోగించుట, ఇవి నేటి ఇంటి కొలనునకు పూర్వరంగము. పంపు త్రిప్పును, ఇసుక వడగట్టును, క్లోరిన్ క్రిములను చంపును. వీనిలో ఏ ఒక్కటి తప్పినను కొలను కుంటయగును.

నీరు నడచు దారి

దోషమును వెదకుటకు ముందు దారి తెలియవలెను. నీటిమట్టమున గోడలో అమర్చిన స్కిమ్మరు తేలుచున్న ఆకులను, పురుగులను లోనికి లాగుకొనును. అడుగుననున్న మెయిన్ డ్రైను క్రిందికి దిగిన మలినమును లాగును. ఈ రెండింటి గొట్టములును వేర్వేరు వాల్వులతో పంపుగదికి వచ్చి కలిసి, పంపు ముందరి జాలిబుట్టలో ప్రవేశించును. వెండ్రుకలును ఆకుతునకలును అచ్చట నిలిచిపోగా, నీరు ఇంపెల్లరు నడిబొడ్డున చొచ్చి, నిమిషమునకు సుమారు 2,880 మారులు తిరుగు ఆ చక్రపు విసురుచేత అంచులకు నెట్టబడి ఫిల్టరునకు పోవును. ఫిల్టరుకు అమర్చిన మల్టీపోర్టు వాల్వు అచ్చటినుండి దాని దిశను నిర్ణయించును. పిడిని ‘ఫిల్టర్’ అన్నచోట నిలిపినపుడు నీరు ఇసుక పైనుండి క్రిందికి దిగి, అడుగున మెకానిక్కులు లాటరల్సు అని పిలుచు సన్నచీలికల గొట్టములగుండ బయటపడి, కొలనును చేరును. ‘బ్యాక్‌వాష్’ అన్నచోట నిలిపినపుడు అదే నీరు క్రిందినుండి పైకి పొంగి, ఇసుకను కుదిపి, అందు చిక్కిన మురికిని బయటికి కొనిపోవును. అంచు దాటి నీరు పొరలిపోవు ఓవర్‌ఫ్లో కొలనులలో స్కిమ్మరునకు మారుగ బ్యాలెన్సింగు ట్యాంకు ఉండి, పొరలిన నీరు అందు చేరి, అచ్చటినుండి పంపునకు వచ్చును.

ఈ దారిలో పంపునకు ముందరిది సక్షను వైపు, తరువాతిది డెలివరీ వైపు. సక్షను వైపున సన్నని రంధ్రమున్నచో, పంపు తిరుగుచుండగా అందుండి నీరు కారదు, గాలి లోనికి పోవును. పంపు ఆగిన పిమ్మట మాత్రమే తడి కన్పట్టును. డెలివరీ వైపున రంధ్రమున్నచో పంపు తిరుగుచుండగనే నీరు చిమ్మును. ఎచ్చట తడిసినది అనుటకంటె ఎప్పుడు తడిసినది అని అడుగుట నేర్చినవాడు సగము గొట్టములను త్రవ్వకయే లోపమును పట్టుకొనగలడు.

లెక్కకు తప్పిన పంపు

పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు గల కొలనును ఉదాహరణముగ తీసికొందము. అందు పట్టు నీరు 70 ఘనమీటర్లు, అనగా 70,000 లీటర్లు. ఇంటి కొలనులో ఆరు మొదలు ఎనిమిది గంటలలో నీరంతయు ఒకమారు ఫిల్టరు దాటునట్లు చూచుట వాడుక. ఆరు గంటలని పట్టుకొన్నచో గంటకు సుమారు 11.7 ఘనమీటర్ల ప్రవాహము కావలెను. పంపును, గొట్టమును, ఫిల్టరును నిర్ణయించు మూలసంఖ్య ఇదియే.

సక్షను గొట్టములో నీటివేగము సెకనుకు ఒకటిన్నర మీటరును మించకుండ చూడవలెను. 63 మిల్లీమీటర్ల యూపీవీసీ గొట్టములో మన ప్రవాహము ఈ హద్దునకు లోబడియే సాగును. ఖర్చు తగ్గుననుకొని 50 మిల్లీమీటర్ల గొట్టము వేసినచో వేగము సెకనుకు రెండు మీటర్ల నంటును, ఘర్షణ సుమారు మూడురెట్లగును. ఇసుక ఫిల్టరు తేటగా వడగట్టవలెనన్న, చదరపు మీటరు ఇసుకకు గంటకు పాతిక ముప్పది ఘనమీటర్లకంటె ఎక్కువ నీరు పంపరాదు. ఆ లెక్కన 750 మిల్లీమీటర్ల వ్యాసము గల ట్యాంకు మనకు చాలును. గొట్టములును ఫిల్టరును ఇట్లు ధారాళముగ ఉన్నచో మొత్తపు ఘర్షణ సాధారణముగ పది మీటర్ల నీటి ఎత్తునకు లోపే యుండును గనుక, ఒక హార్స్‌పవరు పంపుతో పని నెరవేరును.

వాస్తవమున జరుగునది ఇందుకు విరుద్ధము. సన్నని గొట్టము భూమిలో పూడ్చి, చిన్న ఫిల్టరు కొని, నీరు చాలకపోగా ‘రెండు హెచ్‌పీ వేద్దాం సార్, స్పీడుగా క్లీన్ అయిపోతుంది’ అను సలహాను గృహస్థుడు పాటించును. పెద్ద పంపు సన్నని గొట్టమునుండి తనకు కావలసిన నీటిని పొందజాలక గులకరాళ్లు నమిలినట్లు ధ్వనించును. పొందిన నీటిని చిన్న ఫిల్టరులోనికి బలవంతముగ నెట్టగా, అది ఇసుకలో సందులు చేసికొని మురికితోడనే బయటపడును. విద్యుత్తు బిల్లు పెరుగును, నీరు మాత్రము తేటపడదు. పూడ్చిన గొట్టమును పిమ్మట మార్చుటకు పలకలు పగులగొట్టవలెను. పంపును ఎప్పుడైనను మార్చవచ్చును. కావున ధనము వెచ్చింపదలచినవారు ముందుగ గొట్టముమీదను, ఫిల్టరుమీదను వెచ్చించుట ఉచితము.

అమరికలోని మర్మములు

పంపు నీటిని లాగుననుట లోకవ్యవహారమే కాని శాస్త్రసత్యము కాదు. పంపు తనలో పీడనమును తగ్గింపగా, కొలనుపై నిలిచిన వాతావరణ భారమే నీటిని దానిలోనికి నెట్టును. ఈ భారము ఎంత ఎత్తువరకు నీటిని నిలుపగలదో పదునేడవ శతాబ్దిలో ఇటలీలో గెలీలియో శిష్యుడు టారిచెల్లి తేల్చినాడు. సముద్రమట్టమున అది సుమారు 10.3 మీటర్లు. సముద్రమట్టమునకు 540 మీటర్ల ఎత్తుననున్న హైదరాబాదులో వాతావరణము పలుచబడుటచే ఆ హద్దు 9.7 మీటర్లకు దిగును. ఇది సిద్ధాంతపు మాట. ఆచరణలో ఘర్షణకును, వేడెక్కిన నీటి ఆవిరికిని కొంత పోగా, పంపును నీటిమట్టమునకు మీటరు రెండు మీటర్లకంటె పైన నిలుపకుండుటయే మేలు.

నీటిమట్టమునకు దిగువ గదిలో పంపును నిలిపినచో నీరు తనంతతానే పంపులోనికి దిగును, పంపును ముందుగ నీటితో నింపు ప్రైమింగు బాధ యుండదు. కాని జాలిబుట్ట మూత తీయుటకు ముందు సక్షను, డెలివరీ వాల్వులను రెండింటిని మూయకున్నచో కొలను గదిలోనికి వచ్చును. నేలగదులలో మరియొక ప్రమాదమును కలదు. శ్రావణ భాద్రపదముల కుండపోతకు నేలగది నిండి, పంపు మునిగి, వైండింగు తడియును. అందుచే గది అడుగున నీరుపోవు గుంటయు, దానిలో చిన్న సబ్‌మెర్సిబుల్ పంపును, పెద్ద పంపునకు పది సెంటీమీటర్ల ఎత్తైన సిమెంటు దిమ్మెయు, గాలి ఆడుటకు కిటికీయు తప్పనిసరి. నీటిమట్టమునకు ఎగువ నిలిపినచో సెల్ఫ్ ప్రైమింగు పంపును, గొట్టములో నాన్ రిటర్ను వాల్వును కావలెను. ఆ పంపునైనను తొలిసారి బుట్టను నీటితో నింపియే నడుపవలెను.

సక్షను గొట్టము పంపువైపు క్రమముగ ఎక్కుచు రావలెనే గాని, నడుమ మూపురమువలె లేచి దిగరాదు. లేచినచోట గాలి చేరి నిలిచిపోవును. పంపు నోటికి ముందు గొట్టపు వ్యాసమునకు ఐదురెట్ల నిడివి, మన లెక్కలో సుమారు 30 సెంటీమీటర్లు, మలుపులేక తిన్నగ ఉండవలెను. పంపునకు ఇరువైపుల యూనియనులును వాల్వులును ఉన్నచో రేపు దానిని విప్పువాడు రంపము పట్టవలసిన పనియుండదు. ప్లాస్టికు మరలను టెఫ్లాను టేపు చుట్టి చేతితో బిగించి, ఆపై కొంచెము మాత్రమే త్రిప్పవలెను. పైపు రెంచితో బలము చూపినచో పంపు నోరు నెర్రె విచ్చును. సాల్వెంట్ సిమెంటు అతికిన పిమ్మట ఒక దినము ఆరనిచ్చి, గొట్టములన్నింటిని మట్టి కప్పకముందే నీటితో నింపి, రెండు బార్ల పీడనముతో కొన్ని గంటలు నిలిపి చూడవలెను. మేస్త్రీ తొందరపడినను గృహస్థుడు ఈ పరీక్షను విడువరాదు.

కరెంటు కథ

నీటి దారి ఎంత సక్రమముగ ఉన్నను విద్యుత్తు వక్రించినచో ఫలము శూన్యము. ఫీడరు చివరనుండు పొలములలో సాయంవేళల వోల్టేజి 230 నుండి 180 కి దిగుట అరుదు కాదు. ఇండక్షను మోటారు త్రిప్పుడు బలము వోల్టేజి వర్గమునుబట్టి తగ్గును గనుక, అప్పుడు దానికి మిగులునది సుమారు మూడైదవ వంతు బలమే; మోటారు హుంకరించును, కదలదు, వేడెక్కును. హెచ్చుతగ్గులను గమనించి ఆపివేయు రక్షకయంత్రమునకు పెట్టు ఖర్చు రీవైండింగు ఖర్చునుండి కాపాడును. మూడు ఫేజుల మోటారు వాడువారు, ట్రాన్స్‌ఫార్మరు మరమ్మతైన ప్రతిసారియు మోటారు తిరుగు దిక్కును చూడవలెను. ఫేజులు తారుమారైనచో ఇంపెల్లరు వెనుకకు తిరుగును. తిరిగినను కొంత నీరు వచ్చును గనుక లోపము తెలియక, ఫిల్టరును తప్పుపట్టుచు కాలము గడుపుట జరుగును.

అమెరికాలోని బంధువులు పంపిన పంపును తెచ్చి బిగించువారికిని ఒకమాట. అచ్చటి విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులది, ఇచ్చటిది 50. నిమిషమునకు 3,450 మారులు తిరుగవలసిన మోటారు ఇచ్చట 2,880 దగ్గర తిరుగును. నీరు ఐదారవ వంతులకును, నెట్టుబలము దాదాపు ఏడు పదవ వంతులకును తగ్గును. పైగా అదే వోల్టేజిని తక్కువ ఆవృత్తితో ఇచ్చుటచే ఇనుపగుండె సంతృప్తమై మోటారు వేడెక్కును. అట్టి బహుమతిని మర్యాదగా నిరాకరించుట మంచిది.

తడికాళ్లతో మనుజులు తిరుగు తావున లీకగు విద్యుత్తును పసిగట్టి తెంచివేయు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండ పంపును గాని, దీపమును గాని కలుపుట ప్రాణాపాయము. కొలనులోని దీపములు 12 వోల్టులవి కావలెను. పంపు దేహము, నిచ్చెన, ఇనుప కడ్డీలు సమస్తమును ఒకే ఎర్తింగునకు బంధించవలెను. ఆర్‌సీసీబీ మాటిమాటికి పడిపోవుచున్నచో మోటారులో తేమ చేరినదని, లేక తీగ తొడుగు దెబ్బతిన్నదని అర్థము. ‘దాన్ని తీసేసి డైరెక్టుగా ఇచ్చేద్దాం’ అను మెకానిక్కును వెంటనే బయటికి పంపవలెను.

రోగనిర్ణయము

నాడి పట్టిన పిమ్మటనే వైద్యుడు మందు వ్రాయునట్లు, పరీక్షకుడు ముందుగ ఫిల్టరుమీది ప్రెషరు గేజిని చూడవలెను. ఫిల్టరును శుభ్రముగ కడిగిన దినమున ముల్లు ఎచ్చట నిలిచినదో ఆ అంకెను గోడపై వ్రాసియుంచినచో, తరువాతి దినములన్నింటికి అదియే కొలమానము. ముల్లు దానికంటె అర బారు, ముప్పాతిక బారు పైకెక్కినచో ఇసుక నిండినది, బ్యాక్‌వాష్ చేయవలెను. ఆ అంకెకంటె క్రిందికి దిగినచో దోషము సక్షను వైపున నున్నది: నీటిమట్టము స్కిమ్మరు నోటికంటె దిగినదా, వాల్వు సగము మూసియున్నదా, వేపపూత రాలు దినములలో జాలిబుట్ట నిండినదా, బుట్టను దాటిన చెత్త ఇంపెల్లరు రెక్కలలో చిక్కినదా అని ఈ వరుసనే చూడవలెను. మల్టీపోర్టు పిడిని త్రిప్పుటకు ముందు పంపును ఆపవలెను. తిరుగుచుండగా త్రిప్పినచో లోపలి రబ్బరు గాస్కెట్టు లేచిపోయి, అటుపిమ్మట నీరు నిరంతరము మురికినీరు పోవు వేస్టు గొట్టములోనికి కారుచుండును.

నీరు కొలనునకు మరలు రిటర్ను ముఖములనుండి బుడగలు వచ్చుచున్నను, బుట్ట మూతక్రింద నీరు నిండక నురుగాడుచున్నను, మెకానిక్కుల పలుకుబడిలో ‘గాలి పట్టినది’. వందలో ఏ కొన్నింటనో తప్ప ఇది పంపు లోపము కాదు. మూతలోని ఓ-రింగు ఎండి పగిలియుండును, లేక దానిక్రింద ఇసుకరేణువు చిక్కియుండును. డ్రైను ప్లగ్గు వదులై యుండును. యూనియను వాషరు జారియుండును. పంపు నడచుచుండగా ఒక్కొక్క అతుకుమీద సబ్బునురుగు పూసినచో లోపమున్నచోట నురుగు లోనికి ఇంకిపోవును. ఓ-రింగునకు సిలికాను గ్రీజు తప్ప వంటనూనెను, పెట్రోలియం జెల్లీని పూయరాదు. రబ్బరు ఉబ్బి చెడును.

బటను నొక్కగనే మోటారు హుంకరించి తిరుగకున్నచో వెంటనే ఆపి, ఎమ్‌సీబీని దించి, వెనుక ఫ్యాను వైపునుండి ఇరుసును చేతితో త్రిప్పి చూడవలెను. బిగుసుకొనియున్నచో ఇంపెల్లరులో చెత్తయో, తుప్పుపట్టిన బేరింగో కారణము. సులువుగ తిరిగినచో కెపాసిటరు చెడియుండుట సంభావ్యము. కరెంటు తీసిన పిమ్మటను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును గనుక దానిని ఎలక్ట్రీషియను మాత్రమే ముట్టవలెను. సన్నని కీచుధ్వని బేరింగుది. గులకరాళ్ల ధ్వని నీరు చాలని పంపుది. దానికి మందు గొట్టములో నున్నది కాని మోటారులో లేదు.

పంపునకును మోటారునకును నడుమ చుక్కచుక్కగ నీరు పడుచున్నచో మెకానికల్ సీలు అరిగినదని గుర్తు. ఇది చిన్న వస్తువు. దీనిని ఉపేక్షించినచో నీరు బేరింగును చేరి, బేరింగు పట్టివేసి, వైండింగు కాలి, చివరకు మోటారే మార్చవలసివచ్చును. నీరులేక పంపు తిరిగినపుడు తొలుత మాడునది ఈ సీలే. కొలను అడుగున ఇసుక కుప్పలు కన్పట్టినచో ఫిల్టరులోని లాటరలు విరిగినది. ఫిల్టరు విప్పి కట్టిన తరువాత పంపును వేయునపుడు గాలి వదలు మరను తెరచి, మూతకు ఎదురుగ నిలువక ప్రక్కకు తొలగియుండవలెను. లోపల నొక్కబడిన గాలికి మూతను ఎగురగొట్టు బలము కలదు.

నీరు తరుగుచున్నదను అనుమానమునకు బకెట్టు పరీక్ష చాలును. కొలను మెట్టుమీద ఒక బకెట్టును నిలిపి, లోపలి నీటిని వెలుపలి మట్టమునకు సమముగ నింపి, ఒక దినము గడచిన పిమ్మట రెండింటిని కొలువవలెను. బకెట్టులో తగ్గినది ఎండ త్రాగినది. కొలనులో అంతకుమించి తగ్గినది కారిపోయినది. మన ఉదాహరణములోని కొలనులో ఐదు మిల్లీమీటర్ల తరుగు 250 లీటర్లకు సమానము. పంపు నడచిన దినమున తరుగు ఎక్కువై, ఆపిన దినమున తగ్గినచో డెలివరీ గొట్టమును అనుమానింపవలెను.

నీటి గుణము, యంత్రపు ఆయువు

తెలంగాణమున రాతినేలల బోరునీరు పలుచోట్ల కఠినజలము. ఆ కాఠిన్యము హీటరు గొట్టములలోను, ఉప్పుతో క్లోరిన్ పుట్టించు సాల్టు క్లోరినేటరు పలకలమీదను సున్నపుపొరగ పేరుకొనును. పీహెచ్ 7.2 కును 7.8 కును నడుమ, క్లోరిన్ లీటరుకు ఒకటి మొదలు మూడు మిల్లీగ్రాములు ఉండునట్లు చూచుకొన్నచో మనుజుల కన్నులకును, యంత్రపు లోహములకును క్షేమము. మండుటెండ క్లోరినును హరించును గనుక సాయంకాలము వేయుట యుక్తము.

బ్లీచింగు జాతి కాల్షియం హైపోక్లోరైటును, ట్రైక్లోరు బిళ్లలను ఒకే డబ్బాలో, ఒకే చెంచాతో కలిపినచో అగ్ని పుట్టును. వీనిలో దేనినైనను ఆమ్లముతో కలిపినచో విషవాయువు వెలువడును. మందును నీటిలో వేయవలెనే గాని, మందుమీద నీరు పోయరాదు. ఈ డబ్బాలను పంపుగదిలోనే పేర్చుట మనవారి సామాన్యపు అలవాటు. ఆ ఆవిరికి మోటారు తీగలును, స్టార్టరు మొనలును కొలదికాలమునకే తుప్పుపట్టును. వానికి గాలి ఆడు వేరొక తావు చూపవలెను.

సగము వేగము, అష్టమాంశము ఖర్చు

సెంట్రిఫ్యూగల్ పంపునకు ఒక ధర్మము కలదు. వేగమును సగము చేసినచో నీరు సగమగును, నెట్టుబలము నాలుగవ వంతగును, వ్యయమగు శక్తి ఎనిమిదవ వంతగును. అనగా సగము వేగముతో రెండురెట్ల కాలము నడిపినను అంతే నీరు ఫిల్టరు దాటును, కరెంటు మాత్రము నాలుగవ వంతే. మోటారులోని సహజనష్టములవలన ఆచరణలో లాభము కొంత తగ్గినను, మిగులు గొప్పదే. ఈ ధర్మమును పురస్కరించుకొనియే అమెరికా ప్రభుత్వము 2021 జులై నుండి అమలు చేసిన పంపు ప్రమాణములవలన అచ్చట పెద్ద కొలను పంపులు చాలవరకు వేగము మార్చుకొనునవియే అయినవి. మన విపణిలోను వేరియబుల్ స్పీడు పంపులు లభించుచున్నవి. మెల్లగ సాగు నీరు ఇసుకలో తేటగ వడగట్టబడుట దీనివలన కలుగు రెండవ లాభము.

వేగము తగ్గించుట లాభమేయైనను, గడ్డకట్టు చలిలో పంపు పూర్తిగ ఆగుట చేటని టెక్సాసులో స్థిరపడిన తెలుగు కుటుంబములకు చలి వేరొక పాఠము నేర్పినది. 2021 ఫిబ్రవరి మంచుతుపానులో విద్యుత్తు నిలిచి, గొట్టములలో నీరు కదలక గడ్డకట్టి, అచ్చట పెక్కు ఇండ్ల పంపులును ఫిల్టరులును పగిలినవి. పంపు తిరుగుచున్నంతకాలము నీరు గడ్డకట్టుట కష్టము. కరెంటు పోయినచో తక్షణమే పంపు, ఫిల్టరు, హీటరుల డ్రైను ప్లగ్గులు విప్పి నీటిని కార్చివేయుట ఒక్కటే రక్ష.

అడుగుననున్న మృత్యువు

పంపు చూషణబలము పరిహాసాస్పదము కాదు. అమెరికా మాజీ విదేశాంగమంత్రి జేమ్స్ బేకరు మనుమరాలు, ఏడేండ్ల వర్జీనియా గ్రేమ్ బేకరు, 2002 లో వేడినీటి తొట్టి అడుగున డ్రైను చూషణమునకు చిక్కి మరణించినది. ఆ బాలిక పేరనే 2007 డిసెంబరులో అచ్చటి కేంద్రప్రభుత్వము కొలనుల భద్రతాశాసనమును చేసినది. దాని సారము మన మేస్త్రీలకును శిరోధార్యము: అడుగున ఒక్క డ్రైనుతో పంపును కలుపరాదు, మీటరు దూరమునకు తక్కువకాకుండ రెండు డ్రైనులుంచి రెండింటిని కలిపినచో, ఒకటి దేహముచే మూయబడినను రెండవది నీటిని ఇచ్చును. మూత చదునుగ గాక గుమ్మటముగ ఉండవలెను. మూత విరిగిన దినమున, చిన్నదే కదా అని ఉపేక్షింపక, పంపును ఆపి, కొలనును మూయవలెను. పెద్ద పంపును వలదనుటకు ఇదియొక బలమైన హేతువు. పంపు పెద్దదైన కొలది ఈ బలమును పెద్దదగును.

గృహస్థునకు విన్నపము

కొలను విలాసవస్తువేయైనను అందలి నీరు సర్వజనుల సొత్తు. 2024 మార్చిలో నీటియెద్దడి ముదిరినపుడు బెంగుళూరు జలమండలి ఈతకొలనులకు త్రాగునీటిని వాడరాదని నిషేధించి, ఉల్లంఘించినవారికి జరిమానా ప్రకటించినది. వేసవిలో బోరులెండు మన మండలములలోను అట్టి దినము రాదని చెప్పజాలము. మూడు నిమిషముల బ్యాక్‌వాషునకు సుమారు ఆరువందల లీటర్లు వ్యయమగును. కావున తేదీనిబట్టి గాక గేజినిబట్టి మాత్రమే బ్యాక్‌వాష్ చేయుడు, ఆ నీటిని తొట్టిలో నిలిపి, క్లోరిన్ తరిగిన పిమ్మట చెట్లకు మళ్లించుడు. కొలను కట్టింపబోవువారు పలకల ఖర్చును కొంత తగ్గించి, గొట్టమును ఒక సైజు పెంచుడు. పంపును ఒక సైజు తగ్గించుడు. కట్టించుకొన్నవారు ఆర్‌సీసీబీ టెస్టు బొత్తామును నెలకొకమారు నొక్కి చూడుడు. పిల్లలు నీటిలో దిగకముందు అడుగు డ్రైను మూతలు గట్టిగ నున్నవో లేవో, మెకానిక్కు చెప్పినాడని నమ్మక, మీ కంటితో మీరే చూచుకొనుడు.